పదకొండో పంక్తిలో దిద్దుబాటు

1994వ సంవత్సరం, ఆషాఢ మాసం. కొవ్వూరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో నా బల్ల ఉండేది. నేను దస్తావేజు లేఖరిని. అంటే ఇళ్ళూ పొలాలూ చేతులు మారేటప్పుడు కాగితం రాసిపెట్టే మనిషిని. ప్రభుత్వం మాకు లైసెన్సు ఇస్తుంది గానీ జీతం ఇవ్వదు. ఆషాఢంలో మంచి రోజులు ఉండవు కాబట్టి కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ మా వైపు తొంగి చూడరు. నేనైతే పేపరు రెండుసార్లు చదివేసి, మా ఆవిడ కట్టిచ్చిన క్యారేజీ పదకొండున్నరకే విప్పేసేవాణ్ణి.

ఆ నెలలో మాకు తగిలే పని ఒక్కటే, వీలునామా. మనిషి పోయాక అమలయ్యే కాగితానికి ముహూర్తంతో పనేముంది? పైగా వరండా ఖాళీగా ఉంటుంది కాబట్టి నలుగురి చెవినా పడకుండా రాయించుకోవచ్చు.

అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి పదహారేళ్ళు. నాకొక గర్వం ఉండేది. నా దస్తావేజుల్లో దిద్దుబాటు ఉండదు. ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాస్తే, పక్కన మార్జిన్‌లో రాయించినవాళ్ళు పొట్టి సంతకం చెయ్యాలి. దాన్ని ఇనీషియల్ అంటాం. అది చాలదన్నట్టు చివర్లో 'ఫలానా పేజీ, ఫలానా పంక్తిలో ఫలానా మాట కొట్టివేసి ఫలానా మాట చేర్చడమైనది' అని ఒప్పుకోలు రాయాలి. నాకది తెల్ల పంచె మీద పులుసు మరకలా ఉండేది. మా వరండాలో మిగతా లేఖరులు నన్ను 'మరక లేని సూరిబాబు' అని ఆటపట్టించేవాళ్ళు. నేను సిగ్గుపడినట్టు నటించి లోపల మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు చినుకుల్లో సత్యవతి గారు వచ్చారు. బాలికల హైస్కూల్లో కుట్టు టీచరు. ఊళ్ళో సగం మంది ఆడపిల్లలకి కాజాలు కుట్టడం ఆవిడే నేర్పారు. యాభై ఆరేళ్ళుంటాయి. పొడుగు మనిషి, ఇస్త్రీ మడత చెదరని నేత చీర. బెంచీ మీద కూర్చుని సూటిగా విషయంలోకి వచ్చేశారు.

"వీలునామా రాయించాలండి. మా ఆవిడ కూడా వచ్చింది, మెట్ల దగ్గర గొడుగు దులుపుతోంది."

విన్నాను. విన్నానే గానీ చెవికెక్కలేదు. 'మా ఆవిడ' అని మగవాడంటే భార్య అని ఎవరూ వివరించక్కర్లేదు. అదే మాట ఒక ఆడమనిషి నోట వస్తే మన బుర్ర దాన్ని ఆగి చూడదు. వాళ్ళ వదినో, పిన్నో, వంటావిడో అని తనకు తోచింది సర్దేసుకుని ముందుకు పోతుంది. తరవాత తెలిసింది, సత్యవతి గారు ఆ మాట ఊరంతటి ముందూ ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నారని. ఒక్కరికీ వినపడలేదు.

గొడుగు దులిపి లోపలికి వచ్చిన మనిషి పేరు రత్నం. పొట్టిగా, గుండ్రంగా, నవ్వు మొహంతో ఉంటారు. చేతి వేళ్ళ చివర్లు కాలి నున్నగా తేలిపోయి ఉన్నాయి. సొంత ఊరు ఆత్రేయపురం. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, జారుగా రుబ్బిన పిండిలో గుడ్డ తడిపి కుండ మీద లాగి పూతరేకులు తీయడం ఆవిడ పని.

"ఇల్లు ఎవరికి రాస్తారండి?" అన్నాను.

"ఈవిడకే," అన్నారు సత్యవతి గారు.

"అయితే ఈవిడ ఇక్కడ ఉండకూడదండి," అన్నాను. ఇది మా పనిలో మొదటి జాగ్రత్త. ఆస్తి ఎవరికి వస్తుందో వాళ్ళని లబ్ధిదారు అంటాం. లబ్ధిదారు పక్కనే కూర్చుని ఉండగా వీలునామా రాస్తే, రేపు కోర్టులో 'దగ్గరుండి రాయించుకుంది' అని అనుమానం లేవదీస్తారు. రత్నం గారు "ఆయ్, అలాగేనండి" అని ఎదురుగా ఉన్న హోటల్లోకి వెళ్ళి కూర్చున్నారు. కూర్చున్నారన్న మాటే గానీ, పావుగంటకోసారి గుమ్మంలోకి వచ్చి 'టీ పంపమంటారా?' అని సైగ చేస్తూనే ఉన్నారు.

ఇల్లు సత్యవతి గారు జీతంలో మిగుల్చుకుని కట్టుకున్నది. తండ్రి నుంచీ తాత నుంచీ వచ్చింది కాదు. దీన్ని స్వార్జితం అంటాం. స్వార్జితాన్ని మనిషి తనకు ఇష్టమైనవాళ్ళకి రాసుకోవచ్చు. అంతవరకూ ఇబ్బంది లేదు. అప్పుడు నేను ప్రతి వీలునామాకీ అడిగే ప్రశ్నే అడిగాను.

"ఆవిడ మీకేమవుతారండి?"

"చెప్పానుగా," అన్నారు.

"అదే, వరుస ఏంటని."

"వరుస లేదండి. ఆత్రేయపురంలో ఉద్యోగంలో చేరినప్పుడు తన పక్కింట్లో గది తీసుకున్నాను. తనకి పదిహేనేళ్ళకే పెళ్ళి చేస్తే ఏడాది తిరక్కుండా మొగుడు వదిలేసి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. నాకు ఇటు ట్రాన్స్‌ఫర్ అయింది. ఆర్డర్లో ఒక్కరి పేరే ఉంది, ఇద్దరం వచ్చాం."

నేను నా తెలివి ఉపయోగించాను. "వరుసకు చెల్లెలు అని రాసేద్దామండి. ఎవరికీ ఏ గొడవా ఉండదు."

మన వైపు వరుస కలపడం ఎంతసేపు? బస్సులో పక్క సీటు మనిషిని కూడా రాజమండ్రి వంతెన దాటేలోపు అక్కనో బాబాయినో చేసేసుకుంటాం. ఆ చనువుతోనే అన్నాను.

సత్యవతి గారు నవ్వారు. "ఇరవై మూడేళ్ళుగా ఒక పొయ్యి, ఒక దుప్పటి. చెల్లెలన్నారని తను వింటే పడీ పడీ నవ్వుతుందండి. సంసారం చేసుకుంటున్నాం సూరిబాబు గారూ. మీ ఇంట్లో ఎలాగో మా ఇంట్లోనూ అలాగే."

ఇంటి సర్వే నెంబరు చెప్పినంత మామూలుగా చెప్పారు. నేను మాత్రం పక్క బల్ల లేఖరి విన్నాడేమోనని అటు చూశాను. ఇలాంటి సంగతి అంతకుముందు నేను విన్నదల్లా మగవాళ్ళు చేరినచోట చెప్పుకునే వెకిలి జోకుల్లోనే. ఆ జోకులకీ, నా ఎదురుగా మడత చెదరకుండా కూర్చున్న ఈ టీచరు గారికీ ఎక్కడా పొంతన కుదరలేదు. గబగబా చిత్తు రాయడం మొదలుపెట్టాను.

మా దస్తావేజుల భాషకి అచ్చులు ఉంటాయి. అయినవాళ్ళకి ఆస్తి రాస్తే 'నీయందు నాకు గల ప్రేమాభిమానములచేత' అని రాస్తాం. బయటివాళ్ళకి రాస్తే 'నాకు సేవ చేయుచున్నందున' అంటాం. నేను రెండో అచ్చు వేసి 'నా స్నేహితురాలు రత్నం నాకు సేవ చేయుచున్నందున' అని రాశాను. ఆవిడ చిత్తు తీసుకుని, పిల్లలు కుట్టిన అంచు చూసినట్టు అక్షరం అక్షరం చూశారు.

"సేవేంటండి? తనకి టైఫాయిడ్ వస్తే ఇరవై రోజులు నేను చేశాను. ఎవరికెవరు సేవ? ఆ ప్రేమాభిమానాలే రాయండి. స్నేహితురాలు కూడా తీసెయ్యండి."

సేవ తీసేశాను. తెల్ల కాగితం మీద సాపు రాసేటప్పుడు ప్రేమాభిమానాలు పెట్టాను. స్నేహితురాల్ని మాత్రం అలాగే ఉంచేశాను. మర్యాదగా ఉంటుంది, ఆవిడ చూసుకోరులే అనుకున్నాను.

చూసుకున్నారు. మొదటి పేజీ, పదకొండో పంక్తి.

"స్నేహితురాళ్ళు మా స్టాఫ్ రూములో ఎనిమిది మంది ఉన్నారండి. వాళ్ళకి ఇల్లు రాయడం లేదు," అని, నా చేతిలో పెన్ను తీసుకుని, ఆ మాట మీద స్కేలు పెట్టినట్టు ఒక గీత గీశారు. పైన తన గుండ్రటి అక్షరాలతో రెండు మాటలు రాశారు. 'మా ఆవిడ.'

"అయ్యయ్యో టీచరు గారూ!" అన్నాను. నా గోల మాట గురించి కూడా కాదు, మరక గురించి. "ఉండండి, మళ్ళీ సాపు రాసిస్తాను."

"వద్దు. మళ్ళీ రాస్తే మళ్ళీ మీరేదో మర్యాదగా రాస్తారు. దిద్దితే సంతకం పెట్టాలన్నారుగా, ఎక్కడ పెట్టమంటారు?"

మార్జిన్‌లో ఇనీషియల్ పెట్టారు. నేను చివర్లో ఒప్పుకోలు రాశాను. ఇద్దరు సాక్షులు వచ్చారు, ఒకరు ఆవిడ స్కూల్లో లెక్కల మాస్టారు, ఇంకొకరు మా వరండాలోని నా తోటి లేఖరి. సబ్ రిజిస్ట్రారు గారు 'మీరే రాయించారా, చదువుకున్నారా' అని మామూలు ప్రశ్నలు అడిగి ముద్ర వేశారు. పదహారేళ్ళ నా రికార్డు ఆ మధ్యాహ్నంతో పోయింది.

మర్నాడు రత్నం గారు వచ్చారు. ఈసారి హోటల్లో కూర్చోవడం టీచరు గారి వంతు.

"నాకూ ఒకటి రాయండి బాబుగారూ. టీచరు గారి పేర."

"మీకు ఆస్తి ఏముందండి?"

"రేకుల కుండ ఉందండి. మంచి కుండ. అలాంటిది ఇప్పుడు దొరకదు."

వీలునామా చివర ఆస్తి వివరం రాసే భాగాన్ని షెడ్యూలు అంటాం. అందులో నాలుగు వైపులా హద్దులు రాస్తాం. కుండకి హద్దులేంటని నవ్వితే, ఆవిడ కాస్త ఆలోచించి, "తూర్పున పొయ్యి, పడమర టీచరు గారి కుట్టుమిషను" అన్నారు. కుండ, ఇత్తడి గిన్నెలు రెండు, చేతి గాజులు రెండు. అదీ షెడ్యూలు. నవ్వుకుంటూనే రాశాను.

"టీచరు గారిని ఏమని రాయమంటారు?"

"నన్నేమని రాసుకున్నారో అదే. మా ఆవిడ అని."

"ఇద్దరూ ఆవిడలేనా?"

"ఇద్దరం ఆడోళ్ళమేగా మరి," అన్నారు రత్నం గారు, ఇంత చిన్న లెక్క తెలియదా అన్నట్టు చూస్తూ.

సాపు కాగితం మీద ఆ చోటు వచ్చేసరికి నా చెయ్యి మళ్ళీ వెనకాడింది. ఖాళీ వదిలి కాగితం ఆవిడ ముందుకి తోశాను. రెండో తరగతి చదువుతో రత్నం గారు ఆ రెండు మాటలూ కూడబలుక్కుంటూ తనే రాసుకున్నారు. వీలునామాని రిజిస్టరు చేయించి, కాగితం చీర కొంగులో కట్టుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం మా ఇంటికి పూతరేకుల పొట్లం వచ్చింది. మా ఆవిడకి సంగతంతా చెప్పాను. తను రేకు మడత విప్పుతూ, "ఎంత పల్చగా తీశారండీ," అని మాత్రం అంది.

సత్యవతి గారు 1999లో గుండెపోటుతో పోయారు. భీమవరం వైపు నుంచి మేనల్లుడు వచ్చి తలకొరివి పెట్టాడు. రొయ్యల చెరువుల వ్యాపారం అతనిది. రత్నం గారు వెనక వరసలో, ఇరుగుపొరుగు ఆడవాళ్ళ మధ్య నిలబడ్డారు. తలకొరివి ఎవరు పెట్టాలో వీలునామాలో ఒక ముక్క రాయించుకోవచ్చని నేను టీచరు గారికి చెప్పలేదు. నాకు తట్టలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది.

పన్నెండో రోజు భోజనాలయ్యాక మేనల్లుడు, "మీరు మా అత్తకి చాలా చేశారండి. ఒక నెల టైము తీసుకుని ఖాళీ చెయ్యండి," అన్నాడట. తిట్టలేదు, గెంటలేదు. అద్దెకున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. రత్నం గారు వీలునామా తీసి చూపించారు. నెల తిరక్కుండా కోర్టు నోటీసు వచ్చింది. వీలునామా చెల్లదు, ఇల్లు రక్త సంబంధీకులకే రావాలి అని అతను దావా వేశాడు. ఓడిపోతే అరవైకి దగ్గరపడుతున్న ఆ మనిషి కుండ తీసుకుని ఎక్కడికి వెళ్ళాలి? ఆత్రేయపురంలో ఆవిడకి ఎవరూ మిగల్లేదు.

విచారణ నా దాకా వచ్చేసరికి 2002 అయింది. సాక్షుల్లో లెక్కల మాస్టారు అప్పటికే కాలం చేశారు. నా తోటి లేఖరి వచ్చి, ఆవిడ సంతకం పెట్టడం చూశానన్నాడు. లోపల ఏం రాసుందో సాక్షికి తెలియనక్కర్లేదు కాబట్టి అతని పని అంతటితో అయిపోయింది. పదకొండో పంక్తిలో రాత మా అత్తదేనని మేనల్లుడు బోనులో ఒప్పుకున్నాడు. అది అతని మంచితనం. రాత మీద గొడవ లేదు కాబట్టి అతని లాయరు వేరే దారి పట్టాడు. బుద్ధి సరిగ్గా ఉన్న ఆడమనిషి ఇంకో ఆడమనిషిని మా ఆవిడ అని రాస్తుందా, కాబట్టి ఆవిడకి ఆ రోజు మతి స్థిమితం లేదు అన్నది వాదన. వీలునామా రాసే మనిషి స్వస్థమైన బుద్ధితో ఉండాలన్నది చట్టం. ఆ ఒక్క మాట నిలబడితే ఇల్లు నిలబడుతుంది, లేకపోతే లేదు. ఆ మాట గురించి చెప్పవలసిన వాణ్ణి నేనే.

ముందురోజు రత్నం గారి లాయరు నన్ను పిలిచి ఒక సలహా ఇచ్చాడు. "మా ఆవిడ అంటే మా ఇంట్లో ఉండే ఆవిడ అని చెప్పెయ్యండి. ఎవరికీ అప్రతిష్ట ఉండదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. నిజం చెప్పాలంటే మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. నలుగురిలో ఆ సంగతి చెప్పడం, తరవాత వరండాలో కూర్చోవడం, వచ్చే పోయేవాళ్ళ నవ్వులు... ఇవన్నీ తల్చుకుని హడలిపోయి ఉన్నాను. రత్నం గారు అక్కడే ఉన్నారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, "టీచరు గారు కొట్టేసిన మాట మీరు మళ్ళీ రాయకండి బాబుగారూ," అన్నారు.

"రేపు మీ గురించి ఊరంతా అనుకుంటారండి," అన్నాను.

"అనుకోనివ్వండి. ఆవిడ పోయినప్పుడు నన్ను పలకరించడానికి ఎవరూ రాలేదండి. అందరూ మేనల్లుణ్ణి పలకరించి వెళ్ళారు. ఎవరికీ తెలియకపోతే ఎవరొస్తారు?"

రేపు చెప్తానని లాయరుతో అని ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న క్యారేజీ కడుతున్న మా ఆవిడతో, లాయరు చెప్పింది చెప్పి, ఏం చెయ్యమంటావు అన్నాను. తను మూత బిగిస్తూ, "పెళ్ళయి ఇరవై మూడేళ్ళయింది. ఒక్కసారైనా నన్ను పేరు పెట్టి పిలిచారా? నలుగురిలో 'మా ఆవిడ' అనడం తప్ప నాకు మీరిచ్చిన బిరుదు ఇంకోటి లేదు. దానికి 'ఇంట్లో ఉండే ఆవిడ' అని అర్థం చెప్పి రండి, సాయంత్రం మాట్లాడుకుందాం," అంది.

కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. ఎదుటి లాయరు గొంతు మంచిది, చివరి బెంచీ దాకా వినిపిస్తుంది.

"ఆ మాట రాసే సమయంలో ఆమె మనసు స్థిమితంగా ఉందని మీరెలా చెప్పగలరు?"

"నేను తప్పు రాస్తే ఆవిడ దిద్దారండి. స్థిమితం లేనిది నాకు."

నవ్వులు వినిపించాయి. జడ్జి గారు తలెత్తి చూసేసరికి ఆగిపోయాయి.

"'మా ఆవిడ' అంటే ఏమిటి అర్థం?"

"మా ఇంటిదాన్ని నేను మా ఆవిడ అంటానండి. మీరూ అంటారు. అదే అర్థమండి."

"భార్య అంటారా? ఇద్దరు ఆడవాళ్ళకి? చట్టంలో ఎక్కడుందండీ అది?"

"చట్టంలో లేదండి. ఆవిడ నన్ను చట్టంలో ఉన్న మాట రాయమనలేదు. చెల్లెలని రాస్తానన్నాను, వద్దన్నారు. సేవ అని రాశాను, తీసెయ్యమన్నారు. స్నేహితురాలని రాశాను, కొట్టేశారు. సంసారం చేసుకుంటున్నామని నాతో నోటితో చెప్పారండి. ఇవాళ్టికి నాది ఇరవై మూడేళ్ళ కాపురం. ఆ కాగితం రాయించిన రోజుకి వాళ్ళదీ ఇరవై మూడేళ్ళే."

హాల్లో ఎవరూ నవ్వలేదు. జడ్జి గారు కాగితం మొదటి పేజీ తిప్పి, "అంత స్పష్టంగా చెప్పారంటున్నారు. మరి మీరు ముందు స్నేహితురాలు అని ఎందుకు రాశారు?" అని అడిగారు.

"భయమేసిందండి."

"ఎవరికి?"

"నాకేనండి. ఆవిడకి లేదు."

బోను దిగి వస్తుంటే రత్నం గారు చూశారు. కళ్ళు తుడుచుకుంటున్నారు, నవ్వుతున్నారు కూడా. మేనల్లుడు తలవంచుకుని కూర్చున్నాడు.

ఏడాది తరవాత తీర్పు రత్నం గారి పక్షాన వచ్చింది. ఆ దిద్దుబాటే రాయించిన మనిషి ప్రతి అక్షరం చదువుకుని, ఇష్టపూర్వకంగా సంతకం చేసిందనడానికి సాక్ష్యమని రాశారు. మళ్ళీ సాపు రాసి మరక లేకుండా చేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చెల్లెలని రాసి ఉంటే మాత్రం మొదటి వాయిదాకే అబద్ధమని తేలిపోయేది. మేనల్లుడు అప్పీలుకి వెళ్ళలేదు. ఎందుకని నేను అడగలేదు.

వరండాలో కొన్నాళ్ళు 'ఆవిడ-ఆవిడ కేసు' అని నవ్వుకున్నారు. ఒకరిద్దరు నా బల్ల మానేసి పక్క బల్లకి వెళ్ళారు. కొన్నాళ్ళకి ఇంకోరకం మనుషులు రావడం మొదలైంది. నిడదవోలు నుంచి ఇద్దరు మగవాళ్ళు వచ్చి, ఒకరి పేర ఒకరు రాసుకుంటామని, వరుసకు బావ అని రాయమని గొంతు తగ్గించి అడిగారు. భయం నాకు తెలుసు కాబట్టి నిజం రాయమని వాళ్ళని బలవంతపెట్టలేదు. లేని వరుస రాస్తే రేపు అదే కాలికి అడ్డం పడుతుందని చెప్పి, ఏ వరుసా లేకుండా ప్రేమాభిమానాలతో రాసిచ్చాను.

ఒక మాట చెప్పాలి. ఆ తీర్పులో రత్నం గారిని మొదటి నుంచి చివరి దాకా 'లబ్ధిదారు' అనే అన్నారు. మనిషి తన స్వార్జితాన్ని ఎవరికైనా ఇచ్చుకోవచ్చు కాబట్టి గెలిచారు గానీ, వాళ్ళదొక కుటుంబం కాబట్టి గెలవలేదు. నేను రేపు ఏ కాగితమూ రాయకుండా పోయినా మా ఆవిడ మా ఇంట్లోంచి కదలక్కర్లేదు. తను నాకేమవుతుందని ఎవరూ బోనెక్కి చెప్పక్కర్లేదు. అదే కాపురం చేసిన రత్నం గారికి వీలునామా కావలసి వచ్చింది, సాక్షులు కావలసి వచ్చారు, నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిరగవలసి వచ్చింది. ఇది న్యాయం కాదు. చట్టం తెలిసినవాణ్ణి కాదు, చట్టం రాసే అచ్చుల మధ్య బతికినవాణ్ణి. అచ్చుల్లో పట్టని మనుషులుంటే మార్చవలసింది అచ్చునే.

నేను మాత్రం నా చేతిలో ఉన్నది మార్చుకున్నాను. ఇప్పుడు నా బల్ల ముందు కూర్చున్నవాళ్ళని 'ఆవిడ మీకేమవుతారు' అని అడగను. 'వారిని మీరేమని పిలుస్తారు' అని అడుగుతాను. ఎంతమంది మొహాలు విచ్చుకుంటాయో.

2004లో రత్నం గారు మళ్ళీ వచ్చారు. ఆషాఢమే. ఇప్పుడు ఇల్లు ఆవిడది కాబట్టి దాన్ని ఎవరికో రాయాలి. ఎవరికన్నది నేను చెప్పకూడదు, అది మా వృత్తి ధర్మం. మిగతాదంతా ఆవిడ అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మార్చమంటారా అని అడిగితే, "మారిస్తే మళ్ళీ దిద్దాలి కదండీ," అన్నారు.

కొత్త వీలునామా రాసేటప్పుడు మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే ఉంటుంది. 'ఇదివరలో నేను వ్రాసిన వీలునామాను ఇందుమూలముగా రద్దు పరచడమైనది.' అలవాటుగా అది చదివి వినిపించాను. ఆవిడ గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

"రద్దా? కుండ కాగితమా?"

"అందులో రాసింది టీచరు గారికి కదండీ. ఆవిడ లేరు కాబట్టి అది ఎలాగూ చెల్లదు."

"చెల్లకపోతే పోనీండి. రద్దు చెయ్యకండి. నేను నా చేత్తో ఆవిడ పేరు పక్కన రాసుకున్న కాగితం అదొక్కటేనండి."

పెన్ను పక్కన పెట్టి ఆలోచించాను. మా పనిలో కోడిసిల్ అని ఒకటుంది. పాత వీలునామాని అలాగే ఉంచి దానికి తోకలా అతికించే అనుబంధం. ఎక్కువగా వాడం, ఎవరూ అడగరు. అదే రాశాను. పాత కాగితం, కుండ, దానికి పడమర హద్దుగా కుట్టుమిషను, అన్నీ యథాతథంగా అమల్లో ఉన్నట్టే లెక్క.

రాసి చదివి వినిపించాను. రత్నం గారు కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి పంక్తులు వెతుక్కుంటూ, ఒకచోట ఆగారు. 'మా ఆవిడ సత్యవతి గారు కాలం చేసినందున' అని ఉంది అక్కడ. చాలాసేపు ఆ మాట మీద నుంచి వేలు తియ్యలేదు.

"ఇది నేను చెప్పలేదు కదండీ," అన్నారు.

చెప్పలేదు. నేను అడగనూ లేదు. ఆ కాగితంలో ఒక్క దిద్దుబాటు కూడా లేదు.